ఒక్క ‘ఆర్’ ముక్కతోని రోడ్డు బంద్

మొన్న శనివారం పొద్దుగాల మెదక్‌ల మా కంటి దవాఖాన ముంగట రోడ్డు బందయిందని వినే ఉంటరు. తెలంగాణ ఉద్యమంల ఉన్నోళ్లు చేసిండ్రని ఊరంత అనుకుంటున్నది. వాళ్లకు పాపం, ఏం తెల్వదు. చేసింది నేను. ఒక్కదాన్నే. ఫ్యాన్ కింద కుర్చీల కూసోని, చాయ్‌ల బిస్కెట్ ముంచుకుంట రోడ్డు బంద్ చేసిన!

నవ్వకుండ్రి. ముందుగాల చాయ్ అందుకోండ్రి. మొదటి నుంచి చెప్త.

నా కొలువు సంగతి మీకు ఎరికే. దవాఖానల అందరు నన్ను ‘కంప్యూటర్ మేడం’ అంటరు. ప్రింటర్‌ల కాయితం ఇరికినా నేనే, డాక్టర్ సార్ ఫోన్ మోగకపోయినా నేనే. ఆఖరికి గోడ మీద గడియారం ఆగినా "స్వరూప మేడంకు చూపెట్టుండ్రి" అంటరు. డిగ్రీల కంప్యూటర్ చదివిన, పెండ్లికి ముందు హైదరాబాద్‌ల ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుల కొన్ని దినాలు చేసిన. గంతే. గా కొన్ని దినాల పేరు మీదనే ఇక్కడ పెద్ద ఇంజినీర్ లెక్క చలామణి అయితున్న.

మా డాక్టర్ ఖలీల్ సార్ మస్తు నిమ్మళం మనిషి. ఆయన గొంతు పెంచంగ నేనైతే ఎన్నడు వినలే. హవేలిఘనపూర్, శంకరంపేట, రామాయంపేట దిక్కు ఊర్లల్ల క్యాంపులు పెట్టి, కంట్ల పొర వచ్చిన ముసలోళ్లకు ఆపరేషన్లు చేస్తడు. ఆపరేషన్ అయినంక కొన్ని దినాలకు మల్ల ఒకసారి వచ్చి కన్ను చూపెట్టుకోవాలె. గదే చెకప్. అది తప్పితే లోపట చీము పట్టినా తెల్వది, చేసిన కష్టమంత మట్టిల కలుస్తది. అందుకే సార్‌కు చెకప్ అంటే పానం.

ఇగ ఈసారి ఏమైంది? ఉద్యమంల సమ్మె పెట్టంగ బస్సులు బందయినయ్. ఊర్లకెళ్లి జనం మెదక్‌కు రావుడే బందయింది. బస్సులు మల్ల నడవంగనే సార్ నన్ను పిలిచిండు.

"స్వరూపమ్మా, సమ్మె టైంల చెకప్ తప్పినోళ్లు ఎవరెవరో జర తీయమ్మా. వాళ్లందరికి ఫోన్ల మెసేజ్ పెడ్దాం, శనివారం రమ్మందాం. హైదరాబాద్ నుంచి ఇంకో డాక్టర్‌ను గూడ పిలుస్తున్న."

"అదెంత పని సార్!" అన్న నేను.

గా మాట నోట్లకెళ్లి వచ్చేటప్పుడే ఎవరన్న నా నోరు మూయాల్సింది.

పని ఏందో మీకు సమజయ్యేటట్టు చెప్త. మా దవాఖాన గడప తొక్కిన ప్రతి మనిషికి ఒక కార్డు నంబరు ఉంటది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆపరేషన్ అయిందా లేదా, అన్ని డేటాబేసుల ఉంటయి. చుక్కల మందు కోసం ఒక్కసారి వచ్చిపోయినోళ్లు గూడ గండ్లనే ఉంటరు. దవాఖానల, ఊర్ల క్యాంపులల్ల చెకప్‌లు చూసే సిస్టర్లేమో, అయిపోయినోళ్ల కార్డు నంబర్లు వేరేగ ఎక్సెల్ షీట్‌ల కొట్టుకొస్తరు. అంటే జనం మొత్తం ఒక దిక్కు, చెకప్ అయినోళ్లు ఇంకో దిక్కు. నేను షీట్‌ల నంబర్లు తీస్కపోయి డేటాబేసును అడగాలె: "ఆపరేషన్ అయినోళ్లల్ల గీ నంబర్లోళ్లను విడిచిపెట్టి, మిగిలినోళ్ల ఫోన్ నంబర్లు ఇయ్యి" అని. సూటి ముచ్చట.

కని గా డేటాబేసు ఉన్నది చూసిండ్రా... హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేరాయన వచ్చి పెట్టిపోయిండు. పెద్ద పెద్ద బ్యాంకులల్ల వాడుతరట. మా దవాఖానకు అది, ఇద్దరికి చాయ్ కాయనీకి పెండ్లి గుండిగ తెచ్చినట్టు ఉంటది. గంత పెద్ద గుండిగకు మూతి మాత్రం చిన్నగ! ఒక్క లిస్టుల వెయ్యి నంబర్లే పెట్టాలె. వెయ్యి దాటినయా, ఎర్ర అక్షరాలతోని కసురుకుంటది. నా కాడ వెయ్యికి చాన ఎక్కువనే ఉన్నయ్.

సాఫ్ట్‌వేరాయనకు ఫోన్ చేసిన.

"సార్, వెయ్యి కన్నా ఎక్కువ తీసుకుంటలేదు."

"తీసుకోదు మేడం. అది దాని రూల్."

"మరి ఏం చేయాలె?"

"నంబర్లన్నీ ఒక టేబుల్‌లో వేసుకుని, ఆ టేబుల్‌తో కలిపి అడగాలి మేడం. అదే కరెక్ట్ పద్ధతి."

"టేబుల్ చేయనీకి నాకు పర్మిషన్ లేదు గదా సార్. పాస్‌వర్డ్ మీ కాడనే ఉండె."

"నేను వచ్చినప్పుడు చేసిపెడతాను."

"ఎప్పుడొస్తరు?"

"గొడవలు తగ్గాక వస్తాను మేడం. తెలంగాణ వచ్చేస్తే ఇంకా మంచిది, ప్రశాంతంగా వస్తాను."

ఇగో, మీరే చెప్పుండ్రి. రాష్ట్రం వచ్చేదాక ముసలోళ్ల కండ్లు ఆగుతయా?

నేను గూడ తక్కువదాన్ని గాదు గదా! నంబర్లను వెయ్యికొక కట్ట కట్టిన. ఒక్క పెద్ద లిస్టు పెట్టకుండ, చిన్న చిన్న కట్టలు పెట్టి, వాటి నడుమ ‘ఆర్’ అని రాసిన. ‘ఆర్’ అంటే ‘లేదా’. ముందుగాల చెకప్ అయినోళ్లనే తీసి చూసిన. మొదటి కట్టల ఉన్నోళ్లు, లేదా రెండో కట్టల ఉన్నోళ్లు, లేదా మూడో కట్టల ఉన్నోళ్లు... టక్కున వచ్చింది. పేర్లన్ని బరాబర్! సిస్టర్లను పిలిచి చూపెట్టిన. "అబ్బ, మేడం!" అన్నరు. గా ‘అబ్బ’ నాకు తలకెక్కింది.

ఇగ రానోళ్లను తీసుడే మిగిలింది. అదేమన్న కష్టమా? గా రాసిందే మల్ల తీసిన. ‘ఉన్నోళ్లు’ అన్న ప్రతి కాడ ‘లేనోళ్లు’ అని మార్చిన. మొదట్ల ‘ఆపరేషన్ అయినోళ్లు’ అన్న షరతు ఒకటి తగిలించిన. నడుమ ఉన్న ‘ఆర్’లను ముట్టుకోలే. ఎందుకు ముట్టుకుంట? మంచిగ పనిచేస్తున్నయ్ గదా!

ఎంటర్ కొట్టిన. లిస్టు వచ్చింది. వస్తనే ఉన్నది... కిందికి జరుపుతుంటే అయిపోతనే లేదు. నాకు ఒక్క ఘడియ అనుమానం వచ్చింది, అబద్ధం ఎందుకు. గింతమందా? సార్ కాడికి పోయి చూపెట్టిన.

సార్ కండ్లద్దాలు తీసి తుడుచుకొని మల్ల పెట్టుకొని చూసిండు. మొహం చిన్నగయింది.

"యా అల్లా! ఇంతమంది రాలేకపోయిండ్రా? బస్సులు లేకుంటే పాపం ఏం చేస్తరు, ముసలోళ్లు."

"అవును సార్, పాపం," అన్న నేను గూడ.

నా అనుమానం గాడనే సచ్చింది. సార్ బాధపడ్డడంటే అది నిజమే అయి ఉంటది గదా! ఇద్దరం కలిసి జర సేపు సమ్మె గురించి, బస్సుల గురించి, ముసలోళ్ల గురించి బాధపడ్డం. సార్ అప్పటికప్పుడు శామియానా చెప్పిండు, తాగేనీళ్ల డ్రమ్ములు చెప్పిండు.

మెసేజ్ నేనే రాసిన. తెలుగునే ఇంగ్లీష్ అక్షరాలల్ల. చిన్న ఫోన్లల్ల తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలు కనవడ్తయి గదా. "మీ కంటి ఆపరేషన్ తర్వాత చెకప్ కాలేదు. శనివారం పొద్దున తప్పక రండి. ఆలస్యం చేస్తే కంటికి ప్రమాదం." చదివి చూసుకున్న. గట్టిగ ఉన్నది. గట్టిగ ఉంటేనే వస్తరు అనుకున్న. శుక్రవారం ఆఫీస్ బంద్ చేసే ముందు ఒక్క బటన్ ఒత్తి అందరికి పంపిన. బ్యాగు సర్దుకొని, కూరగాయలు కొనుక్కొని ఇంటికి పోయిన. ఎంత నిమ్మళంగ పండుకున్ననో!

శనివారం పొద్దుగాల స్కూటీ మీద వస్తున్న. మా దవాఖాన గల్లీ ఇంక దూరం ఉండంగనే ట్రాఫిక్ ఆగిపోయింది. ఆటోలు, ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు, ఒకదాని ఎనుక ఒకటి. జనమే జనం. మా దవాఖాన ఎదురుంగనే రిలే దీక్షల టెంటు ఉంటది. దాన్ని నర్సింలు అన్న అని ఉద్యమంల తిరిగే ఆయన నడిపిస్తడు. రోజు నలుగురైదుగురు కూసోని పేపర్ చదువుకుంటుంటరు. ఇయ్యాల ఏదో పెద్ద సభ పెట్టినట్టుండ్రు అనుకొని స్కూటీ గాడనే పక్కకు పెట్టి నడిచిన. నా పక్కన ఒకామె కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఉరికినట్టు నడుస్తున్నది.

"ఏం మీటింగ్ అక్కా?" అని అడిగిన.

"మీటింగ్ ఏడిది చెల్లె! కండ్ల దవాఖానకు పోతున్న."

"ఆపరేషన్ ఎప్పుడైంది నీకు?"

"నాకు కాలే!" అన్నది. "ఎప్పుడో దుమ్ము పడితే చుక్కల మందు తీస్కపోయిన. రాత్రి మెసేజ్ వచ్చింది, ఆపరేషన్ తర్వాత చెకప్ కాలేదని. ఆపరేషనే కాకుండ చెకప్‌కు రమ్మంటుండ్రంటే, లోపట ఏదో పెద్దదే ఉన్నట్టుందని భయమైతున్నది."

ఒకామెకు తప్పుగ పోయినట్టుంది అనుకున్న. ఒక్కామెకు పోతే పోనీ.

దవాఖాన మెట్ల కాడికి వచ్చి చూస్త గదా, మా అత్తమ్మ! రామాయంపేటల ఆడపడుచు ఇంటికి పోయిన మనిషి, చేతుల టిఫిన్ డబ్బా పట్టుకొని మెట్ల మీద కూసున్నది. నన్ను చూడంగనే లేసింది.

"ఏం స్వరూపా, మంచిదేనా గిది?"

"ఏమైంది అత్తమ్మా?"

"ఏమైందా! కన్ను పోతదని ఫోన్ల మెసేజ్ పెడ్తవా? ఇంట్ల ఉండేదానివి నోటితోని చెప్పరాదా? తెల్లారకముందే లేసి మొదటి బస్సుకు వచ్చిన. రాత్రంత ఒక కన్ను మూసి ఒక కన్నుతోని దీపం చూసుకుంట కూసున్న!"

"నీది చెకప్ అయింది గదా అత్తమ్మా!"

"గదే నేను అడిగేది! నువ్వే గదనే దగ్గరుండి చూపిచ్చింది!"

చుట్టు ఉన్నోళ్లంత ఇటు తిరిగిండ్రు. "మేడం వచ్చింది, మేడం వచ్చింది" అని ఒక్కసారి మీద పడ్డరు. ఒకాయనకు అద్దాలే ఇచ్చినం, ఆపరేషన్ లేదు. ఇంకొకాయనది చెకప్ అయిపోయి, పొలం పని గూడ మొదలు పెట్టిండట, నాగలి ఇడిచిపెట్టి వచ్చిండు. ఒక పెద్దమనిషైతే, "నేను నిద్రల ఉన్నప్పుడు గాని చేసిండ్రా ఆపరేషన్?" అని నిజంగనే అడుగుతున్నడు.

గప్పుడే జీప్ వచ్చింది. ఎస్సై సార్ దిగిండు. ఎనుక నలుగురు కానిస్టేబుళ్లు.

"రోడ్డు మొత్తం జామ్ అయింది. పర్మిషన్ ఎక్కడిది? ఆర్గనైజర్ ఎవరు?"

ఎదురుంగ టెంట్ల నుంచి నర్సింలు అన్న లేసి వచ్చిండు. పాపం, ఆయనకు గూడ ఏం సమజయితలేదు. కని జనాన్ని చూసి మొహం వెలిగిపోతున్నది.

"మాకు తెల్వదు సార్. జనం వాళ్లంతట వాళ్లే కదిలి వచ్చిండ్రు," అన్నడు. గా మాట అనంగనే ఆయనకే రోమాలు లేసినట్టుంది. మైక్ అందుకున్నడు. "చూడుండ్రి! ఎవరు పిలవకుండ, ఎవరు చెప్పకుండ పల్లెలు పల్లెలే తరలి వచ్చినయ్! ముసలోళ్లు సుత ఇంట్ల కూసోలే! జై తెలంగాణ!"

మెసేజ్ వచ్చి భయపడి వచ్చిన జనం గూడ ఏమంటరు? "జై తెలంగాణ!" అన్నరు. మా అత్తమ్మ సుత టిఫిన్ డబ్బా లేపి అన్నది.

ఎస్సై సార్ కోపంగ ఇటు తిరిగిండు. ఎందుకో నా దిక్కే వచ్చిండు. సచ్చిన అనుకున్న. ఆయన జేబులకెళ్లి ఫోన్ తీసి, జర పక్కకు జరిగి, మెల్లగ అడిగిండు.

"మేడం, ఇది మీ దవాఖానదేనా?"

చూసిన. "మీ కంటి ఆపరేషన్ తర్వాత చెకప్ కాలేదు..."

"మాదే సార్."

"నేను అద్దాల నంబరు చూపించుకోనీకి వచ్చిన, గంతే. నాకు ఆపరేషన్ ఎప్పుడు చేసిండ్రు?"

"చేయలే సార్."

"మా ఇంటామె చదివింది మెసేజ్. నాకు చెప్పకుండ ఆపరేషన్ చేపిచ్చుకుంటవా అని రాత్రి నుంచి మాట్లాడుతలేదు."

"పొరపాటు సార్. జర టైం ఇయ్యిండ్రి, చూసి చెప్త."

లోపటికి ఉరికిన. కంప్యూటర్ పెట్టిన. బయట మైక్‌ల నర్సింలు అన్న గొంతు మోగుతనే ఉన్నది. ముందుగాల మా అత్తమ్మ కార్డు నంబరు కొట్టి వెతికిన. షీట్‌ల ఉన్నది. మొదటి కట్టల్నే ఉన్నది. మరి లిస్టుల ఎట్ల వచ్చింది?

రాసింది మల్ల చదువుకున్న, మెల్లగ, పైకి. "మొదటి కట్టల లేకపోతే తీయ్. లేదా, రెండో కట్టల లేకపోతే తీయ్..."

అయ్యో!

అత్తమ్మ నంబరు మొదటి కట్టల ఉన్నది, మంచిదే. కంప్యూటర్ రెండో కట్ట గూడ చూసింది. ఆడ లేదు! "లేదు గదా, అయితె రానట్టే" అని ఆమెను లిస్టుల కలిపింది. ఎవ్వరి నంబరైనా ఒక్క కట్టల్నే ఉంటది గని, అన్ని కట్టలల్ల ఎట్లుంటది? అందుకే చెకప్ అయినోళ్లంత రానోళ్లయిండ్రు! ‘లేదా’ అని గాదు, ‘ఆండ్’, అంటే ‘మరియు’ అని పెట్టాల్సింది. మొదటి దాంట్ల లేదు, రెండో దాంట్ల గూడ లేదు, మూడో దాంట్ల గూడ లేదు... గట్లయితేనే రానట్టు. ‘ఉన్నోళ్లు’ అడిగినప్పుడు ‘ఆర్’ మంచిది. ‘లేనోళ్లు’ అడిగినప్పుడు అదే ‘ఆర్’ కొంప ముంచుతది.

ఇంకోటి గూడ ఉన్నది. ‘ఆపరేషన్ అయినోళ్లు’ అన్న షరతు పెట్టిన అన్న గదా? కట్టలన్నిటి చుట్టు బ్రాకెట్ పెట్టలే. అదేమో మొదటి దర్వాజ కాడ ఒక్కదాని కాడనే కావలి కూసున్నది. మిగతా దర్వాజలన్ని బార్లా తెరిచి ఉన్నయ్. చుక్కల మందు అక్క, అద్దాలాయన, ఎస్సై సార్, అందరు గా దర్వాజలకెళ్లే వచ్చిండ్రు. మొత్తానికి నేను పంపింది రానోళ్లకు గాదు. దవాఖాన పుట్టినప్పటి సంది గడప తొక్కిన ప్రతి మనిషికి పంపిన!

సార్ రూంకు పోయిన. హైదరాబాద్ డాక్టర్ గూడ ఆడనే ఉన్నడు, కిటికీలకెళ్లి జనాన్ని చూసుకుంట బిత్తరపోయి కూసున్నడు.

"సార్, తప్పు నాదే. మెసేజ్ అందరికి పోయింది."

"అందరికి అంటే?"

"అందరికి సార్."

సార్ కిటికీ దిక్కు చూసిండు. బయట "జై తెలంగాణ" అని మల్ల ఒకసారి గట్టిగ వినవడ్డది.

"అయితే బస్సులు లేక ఇంతమంది ఆగిపోయిండ్రని మనం బాధపడ్డది..."

"ఉత్తదే సార్."

ఆయనకు నవ్వు వచ్చింది. నవ్వంగ నవ్వంగ అద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నడు. నాకు మాత్రం ఏడుపొస్తున్నది.

"సరే బేటా. వచ్చిన జనాన్ని పొమ్మనలేం. వీళ్లల్ల నిజంగ రావాల్సినోళ్లు గూడ ఉంటరు గదా? వాళ్లను ముందు తీయ్."

మల్ల కంప్యూటర్ కాడ కూసోనీకి నాకు ధైర్యం రాలే. సీదా నర్సింలు అన్న కాడికి పోయిన.

"అన్నా, జర మైక్ ఇస్తరా?"

"మీరు గూడ మాట్లాడుతరా చెల్లె? శెభాష్! మహిళలు ముందుకు రావాలె!"

మైక్ పట్టుకున్న. "అందరికి దండాలు. నేను దవాఖాన కంప్యూటర్ దాన్ని. నా తప్పుతోని మీకందరికి మెసేజ్ వచ్చింది. ఎవ్వరు భయపడొద్దు, మాఫ్ చేయుండ్రి. కంటి పొర ఆపరేషన్ అయ్యి, తర్వాత ఒక్కసారి గూడ చూపెట్టుకోనోళ్లు మాత్రం దవాఖాన దిక్కు రాండ్రి. మిగతోళ్లు టెంటు దిక్కు జరుగుండ్రి. మీకేం కాలే, మీ కండ్లు మంచిగున్నయ్."

జనంల ఒక్కసారి గుసగుస. నాకు తిట్లు పడ్తయనుకున్న. పడ్డయి గూడ, కొన్ని. గా నాగలి ఇడిచి వచ్చిన ఆయనైతే "నా దినం పాయె గదా మేడం" అని మస్తు గులిగిండు. కని చాన మంది "హమ్మయ్య, కన్ను మంచిగుందట" అని టెంటు కిందికి పోయి నీడల కూసున్నరు. చూడుండ్రి, డేటాబేసు రెండు దినాలల్ల చేయలేని పని గా మైక్ ఒక్క మాటల చేసింది. జనం రెండు దిక్కుల వేరయిండ్రు. దవాఖాన దిక్కు వచ్చింది చిన్న గుంపే. టెంటు దిక్కేమో నిండిపోయి రోడ్డు మీదికి పారింది. నర్సింలు అన్న సంతోషం చూడాలె మీరు!

మా దిక్కు వచ్చిన గుంపుల ఒక ముసలాయన, ఒక్క చెయ్యి కంటి మీద పెట్టుకొని ఉన్నడు. ఆయనను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది ఒకామె. పేరు బాలమణి, శంకరంపేట దిక్కు ఊరు. ముసలాయన పోచయ్య, ఆమె ఇంటి పక్కాయన.

"ఆపరేషన్ నీకైందా?" అని అడిగిన బాలమణిని.

"నాక్కాదమ్మా, పోచయ్య తాతకైంది. నేను ఎప్పుడో తలనొస్తుందని చూపెట్టుకున్న. నాకు మెసేజ్ వస్తే కిరాణం షాపాయనతోని చదివిచ్చిన. తాత కాడ ఫోన్ లేదు గదా, ఆయన సంగతి నాకు చెప్పిండ్రు అనుకొని తోలుకొచ్చిన."

పోచయ్య తాత ఏమంటడు? "గంత నొప్పేం లేదు బిడ్డా, జర ఎర్రగున్నది, గంతే" అన్నడు.

ఖలీల్ సార్ లైటు పెట్టి చూసిండు. మొహంల నవ్వు పోయింది. హైదరాబాద్ డాక్టర్‌ను పిలిచిండు. ఇద్దరు ఇంగ్లీష్‌ల మెల్లగ మాట్లాడుకున్నరు. లోపట చీము మొదలయిందట. గడబిడ లేకుండ తాతను లోపటికి తీస్కపోయి కంట్ల సూది మందు ఇచ్చిండ్రు. బాలమణి నా చెయ్యి పట్టుకొని బెంచి మీద కూసున్నది. మా అత్తమ్మ టిఫిన్ డబ్బా తీసి ఆమెకు రెండు రొట్టెలు పెట్టింది. నాకు పెట్టలే. కోపం పోలే ఇంక.

చాన సేపటికి సార్ బయటికి వచ్చిండు.

"కన్ను నిలబడ్తది, ఇన్షా అల్లా. ఇంకో రెండు దినాలు ఆగి ఉంటే కష్టమయ్యేది."

నేను కంప్యూటర్‌ల తాత కార్డు తీసి చూసిన. ఫోన్ నంబరు కాడ ఖాళీ. అంటే నేను ‘ఆర్’ తీసి, ‘ఆండ్’ పెట్టి, బ్రాకెట్లు సర్ది, పది సార్లు చూసుకొని బరాబర్ పంపి ఉంటే, గా మెసేజ్ తాతకు పోయేదే గాదు. బాలమణికి అసలే పోకపోయేది. సార్‌కు గా మాటనే చెప్పిన.

సార్ తల ఊపిండు. "మంచే అయింది బేటా. కని గిది నీ తెలివి అని మాత్రం అనుకోకు."

"అనుకోను సార్."

"సోమవారం నుంచి కార్డులల్ల ఫోన్ లేనోళ్లకు పక్కింటోళ్ల నంబరన్న రాయిద్దాం. ఇంకోటి, ఎవరికన్న పంపే ముందు మీ అత్తమ్మ నంబరు లిస్టుల ఉందా లేదా చూసుకో."

పొద్దుమీకి జనం తగ్గిండ్రు. ఎస్సై సార్ జీప్ ఎక్కే ముందు, "ఆపరేషన్ కాలేదని ఒక కాయితం రాసియ్యుండ్రి మేడం, ఇంట్ల చూపెట్టాలె" అన్నడు. సార్ సంతకంతోని రాసిచ్చినం. మా అత్తమ్మ నాతోని స్కూటీ మీద ఇంటికి వచ్చింది గని దారి పొడుగున గులుగుతనే ఉన్నది. ఇంటికొచ్చినంక మాత్రం ఫోన్ తీసుకొని చుట్టాలందరికి చెప్పింది. "మా కోడలు ఒక్క బటన్ ఒత్తితే మెదక్ మొత్తం కదిలొచ్చింది" అని! తిట్టిందా, పొగిడిందా, ఇప్పటికి తెల్వదు నాకు.

అయిపోయింది అనుకున్న. సోమవారం పొద్దుగాల కుర్చీల కూసున్ననో లేదో, నర్సింలు అన్న వచ్చిండు. చేతుల మిఠాయి డబ్బా. ఎదురుంగ కూసున్నడు, చాయ్ తాగిండు, దవాఖాన గురించి నాలుగు మంచి మాటలు చెప్పిండు. తర్వాత జర దగ్గరికి జరిగిండు.

"చెల్లె, ఒక మాట. నేను టెంటు పెట్టినప్పటి సంది గంతమంది జనాన్ని చూడలే. వచ్చే నెల మాది పెద్ద సభ ఉన్నది. గా రోజు గూడ గట్లనే ఒక మెసేజ్... తప్పు కొడ్తరా?"

"గదెట్ల కుదురుతది అన్నా!"

"ఎందుకు కుదరదు? మొన్న చేసిందే గదా. మల్ల గట్లనే చేయుండ్రి."

"కావాల్నని చేస్తే రాదన్నా," అన్న నేను. "నాకు అన్ని వచ్చు అని పూర్తిగ నమ్మకం ఉన్న రోజే గంత పెద్ద తప్పు అయితది!"